ఆకు కోసమే పెంచిన మందారం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను జమ్మలమడుగులో ఒక ఆడపిల్లల బడిలో ప్రకృతి పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. మాకప్పటికి పెళ్ళయి మూడేళ్ళు. ఆయనకు కాగితాలు తప్ప వేరే లోకం లేదు. నాకు బడి, ఇల్లు, ఆదివారం గుడి. చర్చిని మేము గుడి అనే అంటాం.

గుడిలో ప్రసంగ పీఠం ముందు ఒక బల్ల ఉండేది. దాని మీద రెండు ఇత్తడి కూజాలు. ప్రతి ఆదివారం వాటిలో పూలు సర్దే పని ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక దొరసానమ్మది. ఆమె తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, ఆసుపత్రి మంచాల దగ్గర. అందుకని మా వాళ్ళకంటే ఎక్కువ కడప యాసలో మాట్లాడేది. కోస్తా నుంచి వచ్చిన మా పాస్టరు గారికి ఆమె మాట సగం అర్థమయ్యేది కాదు. మిగతా సగం నన్నడిగి తెలుసుకునేవారు.

ఆ దొరసానమ్మ ఉద్యోగం చాలించి తన దేశం పోతూ, కూజాల పని నాకు అప్పజెప్పింది. ఆ పని నాకే ఎందుకని అడిగితే, ప్రకృతి పాఠాలు చెప్పేది నువ్వే కదా అంది. జమ్మలమడుగు ఎండల్లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పూలంటే గన్నేరు పూలే. అవీ కోసిన రెండు గంటలకు తలలు వేలాడేస్తాయి. నా ముఖం చూసి ఆమెకు జాలి కలిగినట్టుంది. పోయే ముందు రోజు ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టింది.

"ఈటిలో మందారం ఇత్తనాలు ఉండాయి. పూలకు గాదు, ఆకుకు. ఆకు బాగా ఎర్రగా ఉంటాది. కొమ్మ కోసి నీళ్ళల్లో పెడితే వారం దాకా వాడదు. నువ్వింగ పూల కోసం యాడా తిరగొద్దు" అని చెప్పింది.

మందారానికి విత్తనమేమిటా అని నాకు ఆశ్చర్యం. మేమెప్పుడూ కొమ్మ నాటి బతికించుకున్న వాళ్ళమే. ఇంటికి వచ్చి పొట్లం విప్పి చూస్తే బూడిదరంగు గింజలు, అచ్చం గోంగూర విత్తనాలు. ఆ పోలిక నాకు వెంటనే తట్టింది. తట్టినా, దూరపు దేశాల నుంచి వచ్చిన విత్తనం గోంగూర ఎందుకవుతుందని నన్ను నేనే మందలించుకున్నాను.

మొదటి విడత పది గింజలు కొబ్బరి చిప్పల్లో పెన్న ఇసుక, పశువుల ఎరువు కలిపి వేశాను. రెండు వారాలు చూశాను. ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే గింజలు వేసినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి, కొంచెం శుభ్రంగా కూడా ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. పొట్టు గట్టిదని, ఒక పక్క కాస్త గీరి, ఒక రోజంతా నీళ్ళల్లో నానబెట్టి వెయ్యాలని దొరసానమ్మ చెప్పింది. నేను ఆ మాట వింటూ ఆమె టోపీ వైపు చూస్తున్నాను.

గీరడానికి ఇంట్లో పదునైన వస్తువు ఒక్కటే, మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడు. ఆయన ఒక్క బ్లేడును గాజు గ్లాసు లోపలి అంచుకు రుద్ది రుద్ది నెల రోజులు నడిపేవారు. శనివారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాకముందే ఇరవై గింజలు గీరి, బ్లేడు తుడిచి యథాస్థానంలో పెట్టాను. మర్నాడు పొద్దున ఆయన గుడికి తయారవుతూ పెట్టిన కేక వీధి చివరికి వినిపించింది. గడ్డం మీద ఏడు చోట్ల దినపత్రిక ముక్కలు అంటించుకుని గుడికొచ్చారు. ఒక ముక్క మీద అక్షరాలు కూడా చదవొచ్చు. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెల్లగా అడిగారు. బ్లేడుతో విత్తనాలు గీరానని చెప్పాను. ఆయనకు ఇంకా అనుమానం పెరిగింది.

అయితే ఈసారి గింజలు మొలిచాయి. ఐదో రోజు పద్నాలుగు మొలకలు. మొదటి ఆకులు గుండ్రంగా, ఆకుపచ్చగా ఉండి నన్ను భయపెట్టాయి. మూడో ఆకు నుంచి అంచులు చీలి, ఎరుపు తిరిగాయి. నీడలో పెట్టినవి పచ్చగానే ఉండిపోయాయి. ఎండలో పెట్టినవి రోజురోజుకూ నల్లెరుపెక్కి, నేరేడు పండు రంగుకు వచ్చాయి. మా ఊళ్ళో ఎండకు లోటేముంది. అన్నింటినీ పెరట్లో గోడవారగా, స్నానాల నీళ్ళు పారే కాలువ పక్కన నాటాను. నెలన్నర తిరిగేసరికి నడుము ఎత్తు పెరిగాయి.

ఆ గోడకు అవతల ఒక పూజారి గారి ఇల్లు. ఆయన భార్యను నేను అత్తా అనేదాన్ని. ఆమెకు అరవై ఏళ్ళు ఉంటాయేమో. పొద్దున ఏడింటికి గోడ మీద ఆమె ముఖం కనిపించకపోతే మాకు తెల్లవారినట్టు ఉండేది కాదు. ఒకరోజు ఆ ముఖం చాలాసేపు నా మొక్కల వైపు చూసింది.

"ఏం టీచరమ్మా, గోంగూర ఏసినావే. ఒక మాటన్నా చెప్పలేదే" అంది.

గోంగూర కాదని, మందారమని చెప్పాను. పూలేవని అడిగింది. దీనికి పూలు ముఖ్యం కావని, ఆకు కోసమే పెంచుతున్నానని చెప్పాను. ఆకు కోసం పెంచే దాన్ని గోంగూర అనే అంటారని ఆమె ఓపికగా వివరించింది. తినడానికి కాదత్తా, కూజాలో పెట్టి చూడటానికి అన్నాను. ఆమె నన్ను చాలా జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. పాపం, చదువుకున్న పిల్ల, గోంగూర కూడా తెలియకుండా పెరిగిందని ఆమె తన భర్తతో అనడం నాకు గోడ ఇవతలికే వినిపించింది.

ఆ వారం నుంచి మొక్కల మొనలు మాయం కాసాగాయి. చివరి నాలుగైదు ఆకులు గిల్లినట్టు పోయేవి. పురుగేమోనని బూడిద చల్లాను. ఉడుత అనుకుని పళ్ళెం మోగించాను. ఉడుతకు గోడ మీద అంత శుభ్రంగా తడి చేతి ముద్రలు ఎట్లా వస్తాయని మా ఆయన అడిగారు. ఆయన కాగితాల మనిషి, ఆధారాలు బాగా చూస్తారు.

నాకు కోపం వచ్చింది. పోయి నిలదీద్దామనుకుంటూనే నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు అత్తే గోడ మీంచి ఒక గిన్నె అందించింది. అందులో వంగపండు రంగు పచ్చడి. అంతకు ముందు ఆ రంగు పచ్చడి దేన్నీ నేను నోట్లో పెట్టుకోలేదు. పులుపు కొంచెం తక్కువుండాది, జిగురు ఎక్కువుండాది, అందుకే చింతపండు ఏసినా, తిని చెప్పు అంది. దొంగసొత్తును ఇంత ధైర్యంగా యజమానికే వడ్డించే మనిషిని ఏమనాలో నాకు తోచలేదు. తిన్నాను. సంగటిలోకి బ్రహ్మాండంగా ఉంది. మా ఆయన రెండు ముద్దలు అదనంగా తిని, నాలుక అద్దంలో చూసుకుని, రెవెన్యూ స్టాంపు అతికించినట్టుందన్నారు.

తిన్న తర్వాత భయం పట్టుకుంది. దూరదేశపు మొక్క, విషమేమో. ఆ రోజే దొరసానమ్మకు జాబు రాశాను. అది ఓడ మీద పోయి, జవాబు ఓడ మీద రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ లోపల ఆ పచ్చడి మేము ఎన్నిసార్లు తిన్నామో లెక్కలేదు. ఆమె రెండు వాక్యాల్లో జవాబిచ్చింది. ఆ మొక్క పుట్టిన దేశంలో జనం దాన్ని కూరగా వండుకుంటారట. ఆ మాట ముందే చెప్తే ఒక్క కొమ్మ కూడా గుడి దాకా రాదని చెప్పలేదట.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మొనలు గిల్లితేనే ఈ మొక్క పక్క కొమ్మలు వేస్తుంది. నేనైతే అందంగా పెరుగుతోంది కదా అని చెయ్యి పెట్టలేదు. అత్త గిల్లిన ఎనిమిది మొక్కలూ పొదల్లాగా గుబురు కట్టాయి. ఆమె చెయ్యి అందని ఆరూ కందికట్టెల్లాగా నిటారుగా పెరిగి, గాలికి రెండు విరిగాయి. దాంతో మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. మొనలు ఆమెవి, కొమ్మలు నావి.

కొమ్మలు కోతకు వచ్చాయనుకున్న మొదటి ఆదివారం పొద్దున పది లేత కొమ్మలు కోసి, రెండు కూజాల్లోనూ సర్దాను. గుడిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆగి చూశారు. ఆ ఎరుపు, ఇత్తడి పసుపు, వెనక సున్నపు గోడ తెలుపు. నా గుండె నిండిపోయింది. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టారు. పావుగంటకు ఎడమ కూజాలో ఒక కొమ్మ మెల్లగా తల వంచింది. ఆ తర్వాత దాని పక్కది. కుడి కూజా మొదలుపెట్టేసరికి వెనక బెంచీల వాళ్ళు కూడా ప్రసంగం వదిలి కొమ్మల్నే చూస్తున్నారు. తర్వాత ఏది పడుతుందో అన్నట్టు పిల్లలు వేళ్ళు చూపుకుంటున్నారు. పాస్టరు గారికి ఇదేమీ తెలియదు. సభ ఇంత శ్రద్ధగా ముందుకు వంగి చూడటం ఆయన ఆ ఊరికొచ్చాక అదే మొదటిసారి. ఉత్సాహంతో ఇంకో అరగంట పెంచారు. చివరికి "సమస్త సృష్టీ ఆయన ఎదుట తల వంచును" అని చెయ్యి చాపినప్పుడు ఆఖరి కొమ్మ బల్ల మీదికి వాలింది. ముందు వరసలో ఒక ముసలామె ఏడ్చింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. లేత కొమ్మలు నిలవవు, ముదిరినవే కొయ్యాలి. ఎండ పడక ముందే కోసి, కింది ఆకులు దూసేసి, మెడ లోతు నీళ్ళల్లో కనీసం ఒక పూట ముంచి ఉంచాలి. అప్పుడు కొమ్మ కడుపునిండా తాగి గట్టిపడుతుంది. మెడ లోతు నీళ్ళు పట్టే పాత్ర మా ఇంట్లో స్నానాల గంగాళం ఒక్కటే. ఇంక శనివారాలు గంగాళం కొమ్మలది. మా ఆయన శనివారం స్నానం మానుకుని, ఆదివారం పొద్దున కొమ్మలు తాగి మిగిల్చిన నీళ్ళతో పోసుకునేవారు. దానివల్ల ఒళ్ళు చల్లగా ఉందని కూడా అన్నారు. మంచి మనిషి. ఆ తర్వాత కొమ్మలు నిజంగానే వారం నిలిచాయి. పాస్టరు గారు మాత్రం మొదటి ఆదివారం లాగా మళ్ళీ ఎప్పుడూ కుదరలేదని బాధపడేవారు.

ఆ ఏడాది చివర్లో మా గుడిలో ఒక పెళ్ళి జరిగింది. పందిరి వెయ్యడానికి ప్రొద్దుటూరు నుంచి ఒక సాయిబు వచ్చాడు. తాటాకు, రంగు కాగితాలు, అరటి చెట్లు తప్ప ఇంకేమీ లేని రోజుల్లో ఆయన చేతిలో పందిరి పెళ్ళికూతురు కన్నా బాగుంటుందని పేరు. ఆయన కూజాల ముందు నిలబడి, ఒక ఆకు రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నేను ఇరవై ఏండ్లుగా పందిళ్ళు ఏస్తాండా. ఈ రంగు ఆకు నా కండ్ల బడలేదు. పులివెందులలో పెద్ద పని ఉండాది నాకు. ఈ ఆకుతో స్వాగత ద్వారం కడితే జబర్దస్తుగా ఉంటాది. కాదనొద్దు" అన్నాడు.

ఆ పెద్ద పని ఒక విత్తనాల గిడ్డంగి ప్రారంభోత్సవం. కర్నూలు నుంచి వ్యవసాయం చూసే పెద్ద అధికారి ఒకాయన వస్తున్నాడు. పులివెందుల అంతా గిడ్డంగి కంటే ఆ ద్వారం గురించే ఎక్కువ మాట్లాడుకుంటోందని సాయిబు చెప్పాడు. నాకు గర్వం ముంచుకొచ్చింది. నా ఆకు పులివెందుల దాకా పోతోంది. ఒప్పుకున్నాను.

ముందురోజు పొద్దున్నే మొక్కలన్నీ కోశాను. గంగాళం చాలక అత్త ఇంటి గంగాళం కూడా తెచ్చాను. సాయంత్రానికి కొమ్మలు ఐదు పెద్ద మోపులయ్యాయి. తడి గోనెపట్టాల్లో చుట్టి, మర్నాడు మొదటి బస్సు పైన వేయించి, నేనూ మా ఆయనా ఎక్కాం. ముద్దనూరులో ఆగినప్పుడు మా ఆయన పైకెక్కి మోపుల మీద నీళ్ళు చల్లారు. ఆ నీళ్ళు కిటికీల్లోంచి లోపలి వాళ్ళ మీద కూడా పడ్డాయి. పైన ఏముందని జనం అడిగారు. మందారం ఆకు అని చెప్పాను. నమ్మినట్టే ఉన్నారు.

తొండూరు దగ్గర టైరు పగిలింది. అందరం దిగాం. టైరు మార్చేవరకు ఏం తోస్తుంది. ఒక పెద్దాయన బస్సు నిచ్చెన ఎక్కి, గోనెపట్టా తొలగించి చూసి, కిందికి అరిచి చెప్పాడు, ఎర్ర గోంగూర అని. ఇంక చెప్పేదేముంది. దాన్ని పప్పులో వెయ్యాలా, మాంసంలో వెయ్యాలా అని రోడ్డు మీదే రెండు పక్షాలయ్యాయి. డ్రైవరు మాంసం పక్షం. టైరు పని కాసేపు ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, ఒక్క పిడికెడు, ఒక్క పూటకు, ఇంట్లో నోరు చప్పగా ఉన్న మనిషి ఉందని మర్యాదగా అడిగారు. అందులో ఇద్దరు నా బడిలో చదివిన పిల్లల తల్లులు. కాదనలేకపోయాను. ఒక మోపు పూర్తిగా పోయింది.

పులివెందులలో దిగాక ఇంకో సంగతి తెలిసింది. తొండూరులో ఎవరో తమ మేకను బస్సు పైన మా మోపుల పక్కనే కట్టేశారు. అది కిందికి దిగడానికి ఒప్పుకోలేదు. రెండు మోపులు దాని కడుపులో ఉన్నాయి. దాని మూతి తాంబూలం నమిలిన పెళ్ళిపెద్ద మూతిలాగా ఎర్రగా ఉంది.

మిగిలింది రెండు మోపులు. సాయిబు అప్పటికే వెదురు ద్వారం కట్టి, మూడు నిలువుల ఎత్తు సిద్ధంగా పెట్టుకున్నాడు. మోపుల వైపు చూశాడు, ద్వారం వైపు చూశాడు, నా వైపు చూడలేదు. ఫికర్ చెయ్యొద్దు అక్కా అని తనకు తానే చెప్పుకుని, సంతలోకి పోయి, ఉన్న పచ్చ గోంగూరంతా కొనుక్కొచ్చాడు. ఒక వరస ఎరుపు, ఒక వరస పచ్చ, పైన మామిడాకు. నిజం చెప్పాలంటే బాగుంది. నేను నీడకు కూర్చుని ఇంకెప్పుడూ గర్వపడకూడదని ప్రార్థన చేసుకున్నాను.

అధికారి గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి. జీపు దిగి ద్వారం కింద ఆగారు. తల పైకెత్తి చూశారు. ఒక పచ్చ ఆకు తెంపి నమిలారు. ఒక ఎర్ర ఆకు తెంపి నమిలారు. అక్కడ నిలబడి ఉన్న పెద్దలందరూ తామూ నమలాలేమోనని తలా ఒక ఆకు తెంపి నమిలారు. సాయిబు ముఖం నేను చూడలేకపోయాను.

వేదిక ఎక్కాక ఆయన గిడ్డంగి మాటే ఎత్తలేదు. గోంగూర తమ జిల్లా సొత్తని ఇన్నాళ్ళూ గర్వపడ్డామని, ఈ రోజుతో ఆ గర్వం పోయిందని అన్నారు. వాన పడని ఈ నేలలో, పచ్చ గోంగూర పక్కనే ఇంత ఎర్రని మేలుజాతి గోంగూర పండించి, పోల్చి చూసుకోవడానికి వరసలుగా ప్రదర్శించిన రైతు ఎవరో తనకు తెలియాలన్నారు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందరూ సాయిబు వైపు చెయ్యి చూపారు. సాయిబు నా వైపు చూపాడు. నేను లేచి నిలబడ్డాను. ఇది మందారమండీ అని చెప్దామని నోరు తెరిచాను. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. పక్కన మా ఆయన కూడా కొడుతున్నారు. ఎందుకు కొట్టారని తర్వాత అడిగితే, అందరూ కొడుతుంటే చేతులు ఊరుకోలేదన్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నెల తిరిగేసరికి మా ఇంటి ముందు ఒక సైకిలు ఆగింది. వ్యవసాయం వాళ్ళు పంపిన గ్రామసేవకుడు. బట్టతల, చంకలో తోలుసంచి, చేతిలో పొడుగాటి ఫారం. ఎర్ర గోంగూర రైతు ఇల్లు ఇదేనా అని అడిగాడు. పెరట్లోకి తీసుకుపోయి, కోసేసిన మోళ్ళు చూపించి, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాను. అతను కాలువ గట్టు మీద కూర్చున్నాడు. నేనిచ్చిన మజ్జిగ తాగాడు. తర్వాత మాట్లాడాడు.

"అమ్మా, నువ్వు చెప్పేది నిజమే. కాకుంటే ఫైలు కర్నూలుకు పొయ్యినాది. ఆడికి పొయ్యిన ఫైలును మందారమని చెప్పి వాపసు తెచ్చే మొగోడు ఈ జిల్లాలో ల్యాడు. నాకు ఇద్దరు బిడ్డలుండారు."

సరే ఫారం నింపుదామన్నాను. ఎన్ని ఎకరాలన్న చోట గోడ పొడవునా అని రాశాం. ఏ ఎరువన్న చోట స్నానాల నీళ్ళు. దిగుబడి అన్న చోట చాలాసేపు ఆలోచించి, వారానికి రెండు కూజాలు అని రాశాం. పంట పేరు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అప్పుడు నాకు నా చదువు పనికొచ్చింది. గోంగూర, మందారం నిజానికి ఒకే జాతి మొక్కలు. పువ్వు విప్పి చూస్తే అక్కచెల్లెళ్ళని తెలిసిపోతుంది. మందార జాతి గోంగూర అని రాయమన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అతను ఆ మాట మూడుసార్లు పైకి చదువుకుని, నాకు దండం పెట్టి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆంధ్ర ప్రదేశ్ వచ్చింది. రాజధాని హైదరాబాదుకు మారింది. ఫైళ్ళన్నీ లారీల్లో తరలిపోతున్నాయని విన్నప్పుడు, నా గోంగూర ఏ దారిలోనో జారిపడి ఉంటుందని సంతోషించాను. అది జారిపడలేదు. ప్రొద్దుటూరులో జరిగే వ్యవసాయ ప్రదర్శనకు నా మేలుజాతి గోంగూర తీసుకురమ్మని ఒక కాగితం వచ్చింది.

నేనొక నిర్ణయానికి వచ్చాను. అక్కడ పూల విభాగంలో కూజాతో సహా పెట్టేస్తాను, నిజం దానంతటదే తేలుతుంది అని. మంచి ముదురు కొమ్మలు కోసి, గంగాళంలో తాగించి, గుడి కూజా ఒకటి అడిగి తీసుకుని బస్సెక్కాను. అత్త కూడా వచ్చింది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళు చూడాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. దారిలో తినడానికి జొన్నరొట్టెలు, ఒక సీసా నిండా వంగపండు రంగు పచ్చడి తెచ్చుకుంది.

పూల విభాగంలో కూర్చున్నాయన కూజా చుట్టూ తిరిగి, పువ్వెక్కడ అని అడిగాడు. పువ్వు లేదన్నాను. పువ్వు లేనిది పూల విభాగంలో ఎట్లా పెడతారని అడిగాడు. కూజా ఎత్తుకున్నాను. కూరగాయల విభాగంలోకి పోతే అక్కడ నా పేరు రాసిన అట్టముక్క ముందే పెట్టి ఉంది, ఒక పక్క కొత్తిమీర, ఒక పక్క మెంతికూర. ఇత్తడి కూజాలో నా గోంగూర వాటి మధ్య జమీందారు లాగా నిలబడింది.

న్యాయనిర్ణేతలు ముగ్గురు వచ్చారు. రంగు చూసి తలలాడించారు. రుచి చూడకుండా మార్కులు వెయ్యలేమన్నారు. అత్త నా పక్కనుంచి ముందుకు వచ్చి సీసా మూత తీసింది. రొట్టె తుంచి ముగ్గురి చేతుల్లో పెట్టింది. ముగ్గురూ తిన్నారు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిన్నారు. వాళ్ళలో పెద్దాయన నా వివరాలు అడగడానికి నోరు తెరిచినప్పుడు పళ్ళు, నాలుక, మీసం కొసలు అన్నీ వంగపండు రంగు. తర్వాత ఆయన వెళ్ళి వంకాయల వరస ముందు నిలబడితే తన కాయలు పచ్చివే తిన్నాడేమోనని అక్కడి రైతు లేచి నిలబడ్డాడు.

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది కొత్తిమీరకు. నేను కృతజ్ఞతగా వెనుదిరగబోతుంటే అత్త ఒప్పుకోలేదు. పోయి పెద్దాయన ముందు నిలబడింది.

"అయ్యా, కొత్తిమీరతో రొట్టె తినేది యాడన్నా ఉండాదా? మీరు తింటిరి గదా, రెండుసార్లు" అంది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు గానీ నిర్ణయం మారలేదు. ఇది కూర కాదు అత్తా, మందారం అని నేను ఆమె చెవిలో చెప్పాను. రెండేళ్ళుగా వండుతున్నాను, నాకు చెప్పొస్తావా అని ఆమె నా చెవిలో చెప్పింది.

బహుమతి ఏమిటంటే, వరి మడిలో కలుపు తీసే చక్రాల యంత్రం. అప్పట్లో జపాను పద్ధతి వరి సాగని ఎక్కడ చూసినా బొమ్మలు వేసేవారు, అందులోది. పొడుగాటి కర్ర, కింద పళ్ళ చక్రం. జమ్మలమడుగులో మా వీధిలో వరి మడి లేదు సరికదా, మడి కట్టేంత నీళ్ళు చూసిన వాళ్ళు కూడా తక్కువ. దాన్ని బస్సులో ఇద్దరం చెరో పక్క పట్టుకుని తెచ్చాం. బట్టల అంగళ్ళు చూడటం కుదరనే లేదు. అత్త దారి పొడుగునా కిటికీలోంచి వెనక్కి, ఆ అంగళ్ళ వైపే చూస్తూ కూర్చుంది.

మరుసటేడు మా ఆయనకు పులివెందుల బదిలీ అయింది. గోడవారనున్న మొక్కలన్నీ అత్తకు వదిలేసి, నేను పొట్లం కట్టిన విత్తనాలు మాత్రం తీసుకున్నాను. కూజాల పని పాస్టరు గారి భార్య తీసుకుంది. అత్త గోడ మీంచి వీడ్కోలు చెప్తూ, కొత్త ఊళ్ళో దీన్ని గోంగూర అనే చెప్పు, మందారమని చెప్పి నవ్వులపాలు గావద్దు అని బుద్ధి చెప్పింది.

సామానుతో పాటు ఆ కలుపు యంత్రం కూడా ఎద్దుల బండెక్కింది. ప్రభుత్వం ఇచ్చింది పారెయ్యకూడదని మా ఆయన పట్టుదల. పులివెందులలో బండి ఆగగానే, వీధిలో వాళ్ళు సామాన్లలో దాన్ని చూసి, కొత్తగా వచ్చినాయన వ్యవసాయం బాగా తెలిసిన మనిషి అనుకున్నారు. సాయంత్రానికే ఇద్దరు రైతులు అరుగు మీదికొచ్చి, శెనక్కాయ చేను పచ్చబడతాంది, ఏం చెయ్యమంటావప్పా అని అడిగారు. జన్మలో పార పట్టని మా ఆయన కాసేపు ఆలోచించి, కాగితాలు చూసినంత గంభీరంగా, నీళ్ళు కొంచెం తగ్గించి పెట్టి చూడండి అన్నారు. ఆ ఊళ్ళో ఎవరికీ నీళ్ళు లేవు కాబట్టి ఆ సలహా అందరూ తప్పకుండా పాటించేవారు. ఆ ఏడు వాన పడి శెనక్కాయ బాగా పండింది. మేము అక్కడున్న నాలుగేళ్ళూ ఆయన్ను అడగకుండా ఆ వీధిలో ఎవరూ విత్తనం వెయ్యలేదు.